జేజి చూడని ముఖం

ఈ మధ్య పులివెందులలో ఉన్న మా చిన్నమ్మ కరుణమ్మ దగ్గరికి పోయాను. మా నాయన తమ్ముడి భార్య ఆమె. పోయింది పలకరించడానికి కాదు, ధైర్యం అడుక్కోవడానికి. ప్రొద్దుటూరులో నా మెడలోని చైను తెంచుకుపోయిన కేసులో సాక్ష్యం చెప్పమని నాకు కోర్టు నుంచి సమను వచ్చింది. చెప్పాల్సిన సాక్ష్యం పోలీసులు ముందే రాసిపెట్టారు. నేను చేయాల్సిందల్లా ఔనని తల ఊపడమే. ఊపమని ఎవరైనా పెద్దవాళ్ళు ఒక మాట అంటే బాగుండుననిపించింది. మా ఇంట్లో పెద్దవాళ్ళంటూ ఇంక మిగిలింది చిన్నమ్మే. ఆమె నేను చెప్పిందంతా విని, లోపలికి పోయి, పాత చీర ముక్కలో చుట్టిన కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "కోర్టుకు పోతాండావు గదా సరోజా, ఇది చదువుకోని పో," అని, కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరగడానికి కూచుంది.

కాగితాలు మడతల దగ్గర చిరిగిపోయి, కలరా ఉండల వాసన కొడుతున్నాయి. అది మా జేజి సాక్ష్యం నకలు. జేజి అంటే మా నాయనకు అమ్మ, సువార్తమ్మ. యాభై ఏళ్ళ కిందట ఆమె కొడుకును, అంటే ఈ చిన్నమ్మ మొగుణ్ణి, పట్టపగలు నరికి చంపిన కేసులో ఆమె చెప్పిన సాక్ష్యం. చివరి వాక్యం ఇది: "ముద్దాయిలతో లాలూచీపడి అబద్ధ సాక్ష్యము చెప్పుచున్నాననుట సరికాదు." దాని కింద జేజి ఎడమ చేతి బొటనవేలి ముద్ర. మధ్యలో ఒకచోట, "రెండవ వాని ముఖము నేను చూడలేదు" అన్న వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఆ గీత గీసిందెవరని అడగబోయి ఊరుకున్నాను. జేజి పేరు చిన్నమ్మ నోట వినక యాభై ఏళ్ళయింది. ఆమె సాక్ష్యం కాగితాలు ఈ ఇంట్లో ఉంటాయని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఈ కథలోని పోలీస్‌స్టేషను ఏదో, కోర్టు ఏ ఊరిదో నేను రాయను. భయం కాదు. ఒక స్టేషను పేరు రాస్తే మిగతావన్నీ మంచివనుకునే ప్రమాదం ఉంది.

మా ఊరు జమ్మలమడుగు దగ్గర, నల్లరేగడి నేలల్లో. వాన పడితే చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిందే. ఊరికి పడమట మా పేట, పేట చివర మా గుడి, గుడి వెనక మా సమాధుల దొడ్డి. మా ముత్తాతల కాలంలో మిషనరీ దొరలు వచ్చి గుడి కట్టించి, గంట వేలాడదీసి, మావాళ్ళకు అక్షరాలు నేర్పారట. ఆ అక్షరాల పుణ్యమే మా నాయన బడిపంతులు కావడం. జేజికి మాత్రం అక్షరం రాదు. కానీ కీర్తనలూ బైబిలు వాక్యాలూ వందల కొద్దీ కంఠతా వచ్చు. పొద్దున లేస్తూనే ఉప్పు కుండ వెనక దాచిన డబ్బీ తీసి చిటికెడు నశ్యం పీల్చేది. గుడి అయ్యగారికి తెలియకూడదని ఆమె దాపరికం. తెలియనిది అయ్యగారొక్కరికే. ప్రార్థన మధ్యలో జేజి తుమ్మితే మా నాయన కళ్ళు తెరవకుండానే నవ్వేవాడు. ఇల్లంతా పొద్దున్నే ఊరిబిండి వాసన. చెనిగ్గింజలు వేయించి, మిరపకాయలు కాల్చి రోట్లో వేస్తే ఆ ఘాటుకు నాకు మెలకువ వచ్చేది. సంగటి ముద్ద మీద గుంట చేసి, అందులో ఊరిబిండి పెట్టి, చిన్నాయనకు సద్ది కట్టేది జేజి.

జేజికి అబద్ధం రాదు. ఇది పొగడ్త అనుకోవద్దు, అదో ఇంటి బాధ. మా బర్రె పాలు కొనడానికి వచ్చినవాళ్ళతో, "ఈ పొద్దు దూడ శానా తాగిందమ్మా, పాలు పల్చగుండాయి, రేపు పోపిచ్చుకోండి," అని పంపించేది. ఒకసారి సంతలో కోడిపెట్టను అమ్మబోయి, కొనేవాడు అడక్కముందే, అది గుడ్లు సరిగా పెట్టదని చెప్పి, అదే కోడిని చంకన పెట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది. మా అమ్మ తలబాదుకుంది. ఒట్టు పెట్టడం కూడా జేజికి గిట్టదు. మేము ఆటల్లో "దేవుని మీద ఒట్టు" అంటే నోటి మీద ఒకటి వేసేది. చెప్పింది చాలక ఒట్టు కూడా కావాల్సి వచ్చిందంటే ఆ చెప్పిందాంట్లోనే ఏదో కల్తీ ఉందని ఆమె లెక్క.

చిన్నాయన పేరు దేవదానం. నాపరాళ్ళ గనిలో పని. గనిలో పారేసిన బండలు తెచ్చి, చెక్కి, చనిపోయినవాళ్ళ పేర్లు రాసి సమాధుల మీద నిలబెట్టేవాడు. మా సమాధుల దొడ్డిని ఆనుకుని ఊరి పెద్దాయన చేను. ఊరంతా ఆయన్ను పెద్దాయన అనే పిలిచేది, నేనూ అదే రాస్తాను. ఏటేటా సేద్యానికి ఆయన మడకలు మా దొడ్డిలోకి ఒక్కో సాలు జరిగేవి. మా ముత్తాత సమాధి అట్లా చెనిగచేనులో కలిసిపోయింది. ఒక ఏడు చిన్నాయన నాపరాళ్ళు వరసగా పాతి హద్దు కట్టాడు. రెండుసార్లు పీకేశారు. రెండుసార్లూ మళ్ళీ పాతాడు. మూడోసారి పాతుతుండగా చంపేశారు.

సద్ది తీసుకుని పోయిన జేజి వంక గట్టు మీద నుంచి చూసింది. ఇద్దరు. ఒకడు పెద్దాయన జీపు తోలే ఓబులేసు, ముఖం స్పష్టంగా కనబడింది. ఇంకొకడు ముఖానికి టవాలు చుట్టుకున్నాడు. జేజి కేకలు వేస్తూ పరుగెత్తి చేరేసరికి వాళ్ళు లేరు, చిన్నాయన కూడా లేడు. ఇంతకంటే రాయలేను. ఆ పొద్దు సంగటి ఆ హద్దురాళ్ళ పక్కనే చెల్లాచెదురుగా పడి ఉంది. అప్పుడు చిన్నమ్మకు ఇరవై రెండేళ్ళు, చంకలో రెండేళ్ళ ఆడబిడ్డ. నాకు పన్నెండు.

పోలీసులు మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఇన్‌స్పెక్టరు వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, మా పేటలో చెంబు ముట్టకుండా, పెద్దూరి నుంచి టీ తెప్పించుకుని తాగాడు. జేజి చెప్పింది అయిదారు మాటలు. రైటరు రాసింది రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో జేజి చూసిన ఇద్దరు నలుగురయ్యారు. ఓబులేసు కాక పెద్దాయన తమ్ముడు, ఒక పాలేరు, ఆఖరికి పెద్దాయన కూడా వచ్చి గట్టు మీద నిలబడి, "నరకండి వాణ్ణి," అని అరిచినట్టు రాశారు. టవాలు చుట్టుకున్నవాడు మాత్రం ఆ కాగితంలో లేడు. అతని చోట్లో వేరే పేర్లు వచ్చి కూర్చున్నాయి.

కేసు విచారణకు వచ్చే ముందు హెడ్డు కానిస్టేబులు ఒకాయన సైకిలు మీద వచ్చి, ఆ వాంగ్మూలం కార్బన్ కాపీ మా నాయన చేతిలో పెట్టాడు. "అయ్యవారూ, ముసల్దానికి ఎట్లన్నా చేసి అప్పజెప్పడం నేర్పిచ్చు. ఒక్క ముక్క తప్పిందంటే కేసు పాయె," అన్నాడు. నాయన ఆ పని నాకు అప్పగించాడు. బడిలో బాగా చదువుతానని నాకు అప్పటికే కొమ్ములు మొలిచి ఉన్నాయి. ఇక రోజూ సాయంత్రం ప్రార్థన కాగానే జేజి చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూచునేది, నేను ఎదురుగా కూచుని చదివేదాన్ని. "నేను నా కుమారుడైన దేవదానమునకు భోజనము తీసుకొని పోవుచుండగా సదరు స్థలము వద్ద పైన పేర్కొనబడిన నలుగురు వ్యక్తులు..." జేజి జన్మలో సదరు అనే మాట పలికి ఎరగదు. అది ఆమె నోట్లోంచి వచ్చినట్టు రాసిన మహానుభావుడికి ఆ మాత్రం సిగ్గు కూడా లేకపోయింది.

పొడుగాటి కీర్తన రెండుసార్లు వింటే అప్పజెప్పే జేజికి ఈ రెండు పేజీలు మాత్రం ఎక్కలేదు. ఎక్కలేదంటే తప్పు. ఆమెకు ఎక్కాయి, దిగలేదు. నలుగురు అన్నచోటికి రాగానే ఏరుతున్న చెయ్యి ఆగిపోయేది. "ఆ ముక్క నాది కాదు పాపా," అనేది. పెద్దాయన గట్టు మీద నిలబడ్డాడన్న చోట మళ్ళీ ఆగేది. "అదీ నాది కాదు." నాకు ఒళ్ళు మండేది. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయాలి గాని నీ ఇష్టం వచ్చింది రాస్తే మార్కులు వేస్తారా అని కసిరేదాన్ని. ఒకరోజు ఇంకా నమ్మకంగా ఉంటుందని నేనే ఒక వాక్యం కల్పించి, పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని చేతికర్ర ఊపుతున్నాడని చదివాను. జేజి తలెత్తి నన్ను చూసి, "అది కాగితంలో గూడా ల్యా," అంది. చూడండి, రాసినవాడి అబద్ధాలు ఏవో, చదివినదాని అబద్ధాలు ఏవో కూడా ఆమెకు విడివిడిగా తెలుసు. నేను ఆ రాత్రి అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. పన్నెండేళ్ళకే నేను ఆ రైటరుకు శిష్యురాలినయ్యానని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాయిదాకు ముందురోజు నాయన జేజి ముందు కూచున్నాడు. "చేయించింది ఎవురో ఊరందరికీ తెల్సు గదమ్మా. కాగితంలో ఉండేది పూరా అబద్దమేం కాదు," అన్నాడు. జేజి వినింది. "ఊరికి తెలిస్తే ఊరొచ్చి చెప్పనీ నాయినా. నేను చూసింది నేను చెప్తా," అంది. ఊరు రాదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు చిన్నమ్మ బిడ్డను కింద దింపి జేజి కాళ్ళు పట్టుకుంది. "అత్తా, నలుగురనే చెప్పత్తా. నా మొగుడు ఊరికే పోవల్నా? నీ కొడుకు గాదా?" జేజి చిన్నమ్మ తల తన ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, "ఇద్దర్ని చూసినా కరుణా. ఒగని మొగమే చూసినా. ఇంగేం చెప్పమంటావు?" అంది. చిన్నమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు తర్వాత జేజికి ఎప్పుడూ తీయలేదు.

కోర్టుకు నన్ను కూడా తీసుకుపోయారు. జేజి ఆదివారం కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది, రాత్రి దిండు కింద పెట్టుకుని మడతలు నొక్కింది. బోనెక్కగానే బంట్రోతు వేదపుస్తకం తెచ్చి దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యమన్నాడు. జేజి చెయ్యి వెనక్కి తీసుకుంది. "మా ఇంట్లో ఒట్టు పెట్టే అలవాటు ల్యా సామీ. ఒట్టు ల్యాకుండా చెప్పింది నమ్మకపోతే ఒట్టేసి చెప్పింది మటుకు ఏం నమ్ముతారు?" అంది. కోర్టంతా నవ్వింది. జడ్జి నవ్వకుండా, ఒట్టు లేకుండానే నిజం చెబుతానని అనమన్నాడు. ఆమె అంది. ఆ కోర్టులో ఆ రోజు జేజిని మనిషిగా చూసింది ఆయనొక్కడే, అది కూడా అంతవరకే.

గవర్నమెంటు ప్లీడరు అడగడం మొదలుపెట్టాడు. పెద్దాయన గట్టు మీద నిలబడి నరకమని అరిచాడు గదా అన్నాడు. "ల్యా సామీ. ఆయప్ప ఆడ ల్యా." పోలీసులకు నువ్వే అట్లా చెప్పావు గదా అన్నాడు. "నేను చెప్పల్యా. రాసే ఆయప్పే చెప్పుకొన్యాడు, ఆయప్పే రాసుకొన్యాడు." మళ్ళీ నవ్వులు. ప్లీడరు ముఖం కందగడ్డ అయింది. ఈ సాక్షి ఎదురు తిరిగిందని, హాస్టైల్‌గా ప్రకటించి తనను అడ్డు ప్రశ్నలు అడగనివ్వమని జడ్జికి విన్నవించాడు. ఆ మాట నేను మొదటిసారి విన్నది అక్కడే, నా జేజి గురించి. ఇంక అక్కణ్ణుంచి, కొడుకును చంపినవాళ్ళతో నువ్వు కుమ్మక్కయ్యావని ప్రభుత్వం తరఫు ప్లీడరే ఆ తల్లిని నిలదీశాడు. జేజి బోను పట్టుకుని, "ఇదో ఈ ఓబులేసే. ఈయప్ప మొగం నేను చూసినా. ఇది నిజం సామీ, ఇది రాసుకోండి," అని మూడుసార్లు చెప్పింది. రాసుకున్నారు. కానీ నలుగురని పోలీసు కాగితం, ఇద్దరని సాక్షి, ఇందులో ఏది నమ్మమంటారని ముద్దాయిల వకీలు ఒకే ఒక ప్రశ్న వేసి కూచున్నాడు. అనుమానం వస్తే దాని లాభం ముద్దాయిలకే అన్నారు. మిగతా ముగ్గురితో పాటు ఓబులేసు కూడా బయటికొచ్చాడు. వాళ్ళు కలిపిన అబద్ధం జేజి నిజాన్ని కూడా పొట్టన పెట్టుకుని పోయింది.

తీర్పు వచ్చిన నెలలోపే ఆ ఇన్‌స్పెక్టరు పెద్దాయన ఇంట్లో పెళ్ళికి వచ్చి కడుపారా భోంచేసి పోయాడు. వయసొచ్చాక గాని నాకు ఆ లెక్క అర్థం కాలేదు. పెద్ద పేరు ఎక్కించి బెదిరించడం ఒక బేరం, అది కోర్టులో నిలబడకుండా ఎక్కించడం ఇంకో బేరం. రెండు బేరాలూ ఒకే కాగితం మీద కుదిరాయి. మా పేటకు మాత్రం ఆ లెక్కతో పని లేదు. కొడుకు నెత్తురు అమ్ముకుందని బోరింగు దగ్గర ఆడవాళ్ళు జేజి వినేట్టుగానే అన్నారు. సాక్ష్యానికి రమ్మంటే కడుపునొప్పని ముసుగు తన్నినవాళ్ళే అన్నారు. చిన్నమ్మ బిడ్డను తీసుకుని పులివెందుల పుట్టింటికి పోయి, హాస్టల్లో వంటమనిషిగా చేరింది. ఓబులేసు ఊళ్ళోనే ఉన్నాడు. బజార్లో ఎదురైతే, "బాగుండావా అవ్వా?" అని పలకరించేవాడు. "ఉండాను," అనేది జేజి. అది కూడా నిజమే గనక చెప్పేది. నాకు మాత్రం ఆమె మీద కోపం చావలేదు. ఒక్క అబద్ధం, నాలుగు మాటలు, అవి చెప్పి ఉంటే అని జేజిని మట్టి చేసిన రోజున కూడా అనుకున్నాను. ఆమె సమాధికి రాయి చెక్కడానికి చిన్నాయన లేడు. దొడ్డిలో సగం ఇప్పటికీ చెనిగచేనే.

ఇప్పటి సంగతికి వస్తాను. ప్రొద్దుటూరులో పొద్దున పాల ప్యాకెట్టుకు పోతుంటే మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి నా చైను తెంచుకుపోయారు. ఇద్దరికీ హెల్మెట్లు. ముఖాలు చూడలేదు. స్టేషనుకు పోతే, ఒప్పుకోవాలి, చాలా మారింది. కార్బన్ కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మీకు ఏ విధంగా సాయపడగలమని గోడకు బోర్డు ఉంది. ఆ బోర్డు కింద స్టీలు కుర్చీలో నాలుగు గంటలు కూచున్నాను. ఆఖరికి రైటరు, "మేడమ్, లాక్కోనిపాయిరి అని రాయొద్దు, యాడో పడిపాయె అని రాయండి, మీకే సులువు," అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, పడిపోవడానికీ తెంపుకుపోవడానికీ తేడా తెలుసన్నాను. మొహం చిట్లించి రాసుకున్నాడు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్నట్టు, ఆరేడు నెలలకు ఫోను వచ్చింది. చైను దొరికిందట. పోతే బల్ల మీద కొత్త చైను మెరుస్తోంది. నా చైను కొక్కెం విరిగితే రాగి అతుకు వేయించాను, దీనికి అది లేదు. పక్కన బెంచీ మీద ఒక చిన్న కంసాలి తల వంచుకుని కూచున్నాడు. దొంగసొత్తు కొన్నావని బెదిరించి, పాపం, అతని దుకాణంలోంచే తూకం సరిపోయిన చైను ఎత్తుకొచ్చారని నాకు చూస్తూనే అర్థమైంది. ఇది నాది కాదన్నాను. "మీదే మేడమ్, మెరుగు పెట్టిచ్చినాం అంతే," అన్నాడు ఎస్సై. రైటరు నవ్వాడు. "ఒక సంతకం చేసి తీసుకోనిపోండి. కాదంటే మీకు ఇదీ ల్యా, అదీ ల్యా." ఆ క్షణాన నాకు జేజి గుర్తొచ్చింది. నిజం చెప్పి ఆమె ఏం బావుకుంది అనుకున్నాను. యాభై ఏళ్ళ కోపం నా చేత సంతకం పెట్టించింది. గుండ్రటి పంతులమ్మ సంతకం. కోర్టులో తంతు కూడా నడిపించి చైను నా చేతికి ఇచ్చారు.

ఆ సంతకంతో బాటు వాళ్ళు ఇంకో వాక్యం రాసుకున్నారు. వాళ్ళు పట్టుకున్న ఒక మనిషే చైను తెంచాడని నేను స్టేషనులో గుర్తుపట్టానని. ఆ సంగతి నాకు చెప్పింది పోలీసులు కాదు, ఆ మనిషి భార్య. గండికోట నీళ్ళలో ఊరు మునిగితే కొండాపురం దగ్గర కాలనీలో పడ్డవాళ్ళట. మొగుడు కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలి. ఒకప్పుడు ఏదో చిన్న కేసు ఉందట, అందుకని ఏ చైను పోయినా వాళ్ళ ఇంటికే జీపు వస్తుందట. మా గేటు దగ్గర నిలబడి ఆమె ఒకే మాట అడిగింది. "మా ఇంటాయన్ని నువ్వు చూసినావంట గదమ్మా. చూసినావా?" గేటు వేసేశాను. వేసి, గేటు ఇవతల చాలాసేపు నిలబడ్డాను. అవతల ఆమె కూడా కదల్లేదని చెప్పుల చప్పుడు లేకపోవడాన్ని బట్టి తెలిసింది. సమను వచ్చాక పులివెందులకు పోయింది ఇందుకే. చెప్పేసి రా, పోలీసులతో మనకెందుకు అని చిన్నమ్మ అంటుందనుకున్నాను. ఆమె జేజి సాక్ష్యం చేతికిచ్చింది.

వాయిదా ముందు సాయంత్రం వంటింట్లో కూచుని, నాకు తెలిసిన లాయరు ఒకాయన ఫోనుకు పంపిన నా వాంగ్మూలం పైకి చదువుకున్నాను. "సదరు వ్యక్తిని నేను గుర్తుపట్టినాను." సదరు ఇంకా బతికే ఉంది. ఎదురుగా చేట లేదు, కొర్రలు లేవు. నా నోటి నుంచే వచ్చింది, ఆ ముక్క నాది కాదని.

కోర్టులో చెప్పాను. ముఖం చూడలేదు, ఎవరినీ గుర్తుపట్టలేదు, చైను నాది కాదు. ప్రభుత్వం తరఫున ఒక చిన్న వయసు ఆమె, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు. విసుగ్గా నా వైపు చూసి, హాస్టైల్ అంది. జడ్జి నా సంతకం చూపించి, ఇది మీదేనా అన్నారు. నాదే అన్నాను. టీచరు అయ్యుండి ఎందుకు పెట్టారన్నారు. ఆశతో సార్ అన్నాను. చైను తీసి బల్ల మీద పెట్టాను. అబద్ధపు సంతకానికి నా మీద నోటీసు రావచ్చని లాయరు బయటికొచ్చాక చెప్పాడు. రానీ. అది రావాల్సిందే, కాకపోతే రాయించినవాళ్ళకు కూడా రావాలి. వాళ్ళకు రాదు. నా సాక్ష్యం టైపు చేసిన కాగితం చివర, ముద్దాయితో లాలూచీపడి అబద్ధం చెబుతున్నాననుట సరికాదు అని ఉంది. ఒక్క అక్షరం మారలేదు. జేజి వేలిముద్ర వేసిన చోట నేను సంతకం పెట్టాను. వరండాలో ఆ కూలి భార్య నాకు చేతులు జోడించింది. నాకు సిగ్గేసింది. అతను ఆ రోజు ఇంటికి పోలేదు. ఇంకో రెండు చైన్ల కేసుల్లో కూడా అతని పేరే రాసి ఉంచారట.

నకలు చేతికి రాగానే మళ్ళీ పులివెందుల బస్సెక్కాను. "ఏమని చెప్పినావు?" అంది చిన్నమ్మ. చూల్లేదని చెప్పినా అన్నాను. "మళ్ళ నీ చైను తెంచినోడు?" యాడుండాడో ఎవురికి తెలుసు చిన్నమ్మా, ఒకరి పేరు రాసుకున్నాక ఇంకొకర్ని యా పోలీసు ఎతుకుతాడు అన్నాను. చిన్నమ్మ జేజి కాగితం విప్పి, ఆ పెన్సిలు గీత మీద వేలు పెట్టింది.

"ఇది గీసింది నేనే. అత్త మీద కోపంతోనే పోయినా ఆ పొద్దు. అప్పీలుకు పనికొస్తాదని ఈ కాగితం తెప్పిచ్చుకొన్యా, అప్పీలూ ల్యా ఏమీ ల్యా. పదేండ్లకు ఒగనాడు కుదురుగా చదివినా. అత్త చెప్పె గదా, ఇంగొగడు ఉండాడని. టవాలు కట్టుకున్నోడు. నలుగురి పేర్లు రాసుకోని, వాన్ని ఎవురూ ఎతకల్యా. అత్తొక్కతే వాడుండాడని చెప్పింది, ఆమెనే అబద్దాలకోరు అనిరి. నేను గూడా అంటి." ఆమె కాగితం మడిచింది. "బస్సులో నా పక్కన కూచున్యాడేమో. హాస్టల్లో వాని బిడ్డకే నేను అన్నం పెట్టినానేమో. యాభై ఏండ్లు సరోజా, కొత్తగా ఏ మగోని మొగం చూసినా, ఈడేనా, అనుకుంటా బతికినా."

ఆమె కాగితాలు మళ్ళీ ఆ చీర ముక్కలో పెడుతుంటే, నా సాక్ష్యం నకలు కూడా అందులోనే ఉంచమని ఇచ్చాను. తీసుకుని, విప్పి చూడకుండానే జేజి కాగితాల మీద పెట్టి ముడి వేసింది.

"దీంట్లో గూడా తెంచినోని మొగం ల్యా గదా," అంది.